అక్క తరఫున తమ్ముడు రాసిన జవాబు

గ్రంథాలయం మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు, పన్నెండు కంప్యూటర్లున్న గది ఒకటుంది. పన్నెండింట్లో తొమ్మిది పనిచేస్తాయి. ఆ తొమ్మిదీ ఎందుకు పనిచేస్తున్నాయో, మిగతా మూడూ ఎందుకు పనిచేయడం లేదో ఆ గదిని చూసుకునే పెద్దమనిషికి తెలియదు. ఈ రహస్యం ఆయన ఎవరితోనూ అనడు గాని, రోజూ పొద్దున్నే తాళం తీసేటప్పుడు తనకు తాను ఒకసారి చెప్పుకుంటాడు. అలా చెప్పుకుంటే ఆ పూటకి గర్వం అదుపులో ఉంటుందని ఆయన ఆశ. పది గంటలయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి "మీరు చెయ్యి పెడితే గాని ఇది మాట వినదండీ" అంటారు. గర్వం మళ్లీ మొదటికొస్తుంది.

ఆయన్ని అందరూ రీస్టార్ట్‌గారు అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్లు, తర్వాత ముఖాన్నే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు గదిలో ఫోను మోగితే ఆయనే ఎత్తి "రీస్టార్ట్‌ని మాట్లాడుతున్నా" అంటున్నాడు. ఆయన ఉద్యోగంలో చేరింది చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడానికి. పద్దెనిమిదేళ్ల కిందట ఒకరోజు పై అధికారి గదిలో కంప్యూటర్ ఆగిపోతే, నలుగురు చుట్టూ చేరి తలలు పట్టుకుని నిలబడి ఉండగా, కింద పడ్డ పెన్ను కోసం బల్ల కిందికి దూరిన ఈయనకి వదులైపోయిన తీగ ఒకటి కనబడింది. లోపలికి నొక్కాడు. పైన తెర వెలిగింది. అట్టలు వేసేవాడిగా బల్ల కిందికి దూరిన మనిషి నిపుణుడై బయటికొచ్చాడు. ఆ తీగ ఇంకాస్త బిగుతుగా ఉండి ఉంటే ఈపాటికి హాయిగా జిగురు రాసుకుంటూ బతికేవాణ్నని ఆయన ఇప్పటికీ అంటుంటాడు. జనం దాన్ని వినయం అనుకుంటారు.

ఆయన వైద్యమంతా నాలుగు మందుల మీద నడుస్తుంది. మొదటిది, ఆపి మళ్లీ పెట్టడం. రెండోది, ఈ బ్రౌజర్‌లో తెరుచుకోని పేజీని ఆ బ్రౌజర్‌లో తెరవడం. మూడోది, లోపల పేరుకున్నదంతా తుడిచి పారేయడం. ఈ మూడింటికీ లొంగకపోతే "సర్వర్ డౌనయినట్టుంది, రేపు రండి" అనడం. అన్నిట్లోకీ బాగా పనిచేసేది ఈ నాలుగో మందే. రేపు రమ్మన్నవాళ్లలో సగం మంది రారు. రాలేదంటే నయమైనట్టే లెక్క.

ఆయన అస్సలు చేయని పని ఒకటుంది. తెర మీద కనబడే సందేశాన్ని చదవడు. ఏదైనా పెట్టె ఇలా ప్రత్యక్షమవగానే అలా మూసేస్తాడు, అందులో ఏముందో తర్వాత అడిగితే "ఏదో ఎర్రర్" అంటాడు. పుట్టిన తేదీ పెట్టడం రావట్లేదని మూడుసార్లు తిరిగిన రిటైర్డు పోస్టుమాస్టరుగారికి ఈయన కంప్యూటర్ ఆపి పెట్టాడు, బ్రౌజర్ మార్చాడు, ఉన్నదంతా తుడిచాడు. చివరికి ఆ పెద్దాయనే కళ్లద్దాలు పైకి తోసుకుని, అక్కడ సంవత్సరాల జాబితా ఈ ఏడాదితో మొదలవుతోందనీ, తాను పుట్టిన ఏడాది దాకా కిందికి లాక్కుంటూ పోవాలనీ కనిపెట్టాడు. అయినా పాపం వెళ్తూ వెళ్తూ ఈయనకే థాంక్స్ చెప్పాడు. రీస్టార్ట్‌గారు ఆ థాంక్స్ తీసుకున్నాడు కూడా. తీసుకున్నందుకు సాయంత్రం దాకా తనని తాను తిట్టుకున్నాడు.

ఇంట్లో మాత్రం ఈ వైభవం చెల్లదు. ఆయన భార్య తన ఫోను మొరాయిస్తే ఆయనకి కనబడకుండా దాచేస్తుంది. ఎందుకు దాచావని ఒకసారి అడిగితే, "మీరు బాగుచేస్తారేమోనని" అంది.

చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ మెయిల్ ఖాతాలు తెరిచి పెట్టిన ఘనత కూడా ఈయనదే. ఏడెనిమిదేళ్ల కిందట ప్రతి దరఖాస్తుకీ మెయిల్ అడగడం మొదలైనప్పుడు, తన లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మొత్తం ఇరవైమూడు ఖాతాలు తెరిచాడు. ఎవరి చేతా ఒక్క అక్షరం కొట్టించలేదు. పాస్‌వర్డ్ తనే పెట్టాడు. ఫోన్ నంబరు గడిలో తన నంబరే ఇచ్చాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే మనిషిని గుర్తుపట్టడానికి ఉండే భద్రతా ప్రశ్నకి జవాబు కూడా తనే రాశాడు. మీకేం తెలుసు, కదలకుండా కూర్చోండి, నేను చూసుకుంటాగా అనేవాడు. నాలుగేళ్ల కిందట ఇంకో కంపెనీ ఏదో ఆఫరు ఇస్తోందని నంబరు మార్చేశాడు. ఇరవైమూడు ఖాతాల్లోనూ కొత్త నంబరు పెట్టాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. రెండింట్లో పెట్టాడు, తనదీ భార్యదీ. మిగతా ఇరవైఒకటీ వచ్చే ఆదివారం అనుకున్నాడు.

ఆ ఇరవైఒకటిలో వాళ్ల అక్కది ఒకటి.

అక్క ఆయనకంటే మూడేళ్లు పెద్దది. సిటీ బస్సుల డిపోలో బస్సులు కడుగుతుంది. ఇరవైరెండేళ్లుగా అదే పని. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో గొట్టం, నడుముకి ప్లాస్టిక్ ఏప్రన్. రోజుకి పద్నాలుగు బస్సులు. ఏ బస్సులో ఏ సీటు కదులుతుందో, ఏ తలుపు సగంలో పట్టేస్తుందో డ్రైవర్లకంటే ఆమెకే బాగా తెలుసు. మాట తక్కువ మనిషి. తమ్ముడు మాట్లాడుతుంటే మధ్యలో ఊఁ కొడుతుంది, అంతే. తమ్ముడికి అలా ఊఁ కొట్టేవాళ్లంటే ప్రాణం.

మొన్న ఆదివారం ఆమె ఇంటికొచ్చి, ఎప్పుడూ లేనిది తానే మాట మొదలుపెట్టింది. డిపోవాళ్లు ఆడవాళ్లకి బస్సు డ్రైవర్ల శిక్షణ పెడుతున్నారట. ఇరవై సీట్లు. రెండు నెలల కిందట ఎవరికీ చెప్పకుండా పరీక్షకి వెళ్లొచ్చిందట. కంటి పరీక్ష, రాత పరీక్ష, ఖాళీ స్థలంలో పాత బస్సు నడిపించి చూశారట. ఇప్పుడు సీటు వచ్చినట్టు మెయిల్ వచ్చిందట. గురువారం సాయంత్రం అయిదు గంటల్లోగా ఆ మెయిల్లో ఒప్పుకుంటున్నానని నొక్కాలి. నొక్కకపోతే సీటు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. వచ్చే నెలకి ఆమెకి యాభై నిండుతాయి. యాభై నిండినవాళ్లకి ఇక అవకాశం లేదు. అంటే ఆమెకి ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఇదంతా విని తమ్ముడు అన్న మొదటి మాట: "ఆ మెయిల్ స్పామ్ ఏమో, సరిగ్గా చూశావా?"

తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాలుక కరుచుకున్నాడు. అప్పుడు మాత్రం బాధ్యతగల తమ్ముడిలా ముఖం పెట్టి కూర్చున్నాడు.

గురువారం రెండున్నరకి అక్క గ్రంథాలయం మెట్లెక్కి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ల అంచు ఇంకా తడిగా ఉంది. ఫోను చేతిలో పట్టుకుని, మెయిల్ తెరిచాననీ, బటన్ నొక్కుతుంటే ఏమీ కావట్లేదనీ, అది బూడిద రంగులో ఉందనీ, పైన ఏదో చిన్న అక్షరాల్లో రాసి ఉందనీ చెప్పబోయింది. "చిన్న అక్షరాల్లో" అనే దగ్గరికి వచ్చేసరికే ఫోను తమ్ముడి చేతిలోకి వెళ్లిపోయింది. ఆయన తెర మీద వేలితో రెండు గీతలు గీసి, లోపల ఎంత చెత్త పేరుకుందో చూశావా అక్కా అని మందలించి, మూడో మందు వేసేశాడు. ఉన్నదంతా తుడిచేశాడు. ఇప్పుడు చూడు ఎలా పరిగెడుతుందో అంటూ ఫోను తిరిగి ఇచ్చాడు.

ఫోను పరిగెత్తలేదు. పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ ఎంత అక్కా?"

"నాకేం తెలుసురా. నువ్వే పెట్టావు."

అవును, తనే పెట్టాడు. పోయినేడు మార్చి తీరాలని ఆ సైటు పట్టుబడితే, ఫోను తనంతట తాను సూచించిన ఇరవై అక్షరాల పొడుగు పాస్‌వర్డ్‌కి సరేనని నొక్కాడు. దాన్ని గుర్తుపెట్టుకునే పని కూడా ఫోనుకే అప్పగించాడు. ఆ ఫోను జ్ఞాపకాన్ని ఇప్పుడే, ఈ చేత్తోనే తుడిచాడు. అయినా గొంతు సవరించుకుని, ఇదేం పెద్ద పని కాదు, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే కోడ్ పంపిస్తుంది అన్నాడు. తన గదిలోని పెద్ద తెర ముందు కుర్చీ వేసి అక్కని పక్కన కూర్చోబెట్టాడు.

నొక్కాడు. కోడ్ పంపించామని సైటు చెప్పింది. ఏ నంబరుకి పంపిందో చివరి రెండంకెలు చూపించింది. అవి నాలుగేళ్ల కిందట వదిలేసిన నంబరువి.

అక్కకి చెప్పక తప్పలేదు. చెప్పాడు. ఆమె ఊఁ అనలేదు. గోడ మీది గడియారం వైపు చూసింది. మూడు దాటింది.

ఇక చేసేది లేక తన పాత నంబరుకి తనే ఫోన్ చేశాడు. ఎవరో పెద్దావిడ ఎత్తింది. ఈయన ఎంతో మర్యాదగా, అమ్మా, మీ ఫోనుకి ఇప్పుడే ఒక కోడ్ వచ్చి ఉంటుంది, అది కాస్త చదివి చెబితే మా అక్కకి ఉద్యోగం దక్కుతుంది అన్నాడు. నాలుగేళ్లుగా ఎవరెవరివో కోడ్‌లు తన ఫోనుకి వస్తున్నాయనీ, వాటితో వేగలేక చస్తున్నాననీ ఆవిడ ముందు నాలుగు చీవాట్లు పెట్టింది. తర్వాత, ఎవరడిగినా కోడ్ చెప్పకూడదనీ, మోసగాళ్లంతా అక్క పేరూ చెల్లి పేరూ చెప్పే అడుగుతారనీ, ఈ సంగతి గ్రంథాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించి ఉంటే తానే కళ్లారా చదివాననీ చెప్పి పెట్టేసింది. రీస్టార్ట్‌గారు తలెత్తి ఎదురుగోడ చూశాడు. ఆ కాగితం అక్కడే ఉంది. ఆయన చేతిరాతే. మళ్లీ చేస్తే ఆవిడ ఎత్తలేదు.

అక్క డిపో ఆఫీసుకి ఫోన్ చేసింది. అంతా ఆన్‌లైనేనమ్మా, మా చేతుల్లో ఏం లేదు, అయిదు లోపు మెయిల్లో నొక్కండి అన్నారు. ఆమె సరేనండి అని పెట్టేసి, ఫోను ఒళ్లో బోర్లించి పెట్టుకుంది.

మిగిలింది ఒక్కటే దారి. వేరే విధంగా ప్రయత్నించండి అన్నచోట నొక్కితే భద్రతా ప్రశ్న తెర మీదికొచ్చింది. చిన్నతనంలో మీరు ఏమవ్వాలనుకున్నారు? దాని కింద ఖాళీ గడి. గడి కింద ఒక వాక్యం. ఇన్నేళ్లలో ఆయన చదివిన మొదటి సందేశం బహుశా ఇదే. మూడు అవకాశాలు, మూడూ తప్పయితే ఇరవైనాలుగు గంటల పాటు ఖాతా మూతపడుతుంది.

జవాబు రాసింది అక్క కాదు. ఎనిమిదేళ్ల కిందటి తమ్ముడు. కాబట్టి అక్క గురించి ఆ తమ్ముడు ఏమనుకున్నాడో ఈ తమ్ముడు కనిపెట్టాలి. ఆ మనిషి ఎంత తొందరపాటు మనిషో ఈయనకి బాగా తెలుసు. అయినా వాడి బుర్రలోకి దూరడం ఈయన వల్ల కావడం లేదు.

ఆడవాళ్ల ఖాతాలకి చాలావాటికి టీచర్ అని రాసిన గుర్తు. అదే కొట్టాడు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. సరికాదు.

"టీచరా?" అంది అక్క. "నాకు సుద్ద పొడి పడితే తుమ్ములు కదరా."

పక్కన అయిదో కంప్యూటర్ దగ్గర పేపరు చదువుకుంటున్న పోస్టుమాస్టరుగారు నవ్వు ఆపుకోవడానికి తెర వెనక్కి వంగాడు. రీస్టార్ట్‌గారు అది చూడనట్టు నటించి ఆలోచనలో పడ్డాడు. నర్సు అని రాసి ఉంటాడా? చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది అక్కే. వంట ఏదైనా రాసి ఉంటాడా? అమ్మ పనికి వెళ్తే తనకి అన్నం పెట్టింది అక్కే. ఇంకేముంటుంది? తన లెక్కల పుస్తకం, తన బడి సంచి, తన చిరిగిన చొక్కా. ఎటు వైపు నుంచి ఆలోచించినా అక్క తన కోసం ఏదో ఒకటి చేస్తూనే కనబడుతోంది. తను లేని చోట అక్క ఎలా ఉండేదో, తను నిద్రపోయాక కిటికీ దగ్గర కూర్చుని ఏం చూసేదో ఒక్క ముక్క కూడా తెలియదు. నలభైఆరేళ్లుగా ఎరిగిన మనిషి. ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గుని సాంకేతిక సమస్యగా మార్చడానికి కాసేపు మౌస్ అటూ ఇటూ తిప్పి చూశాడు. మారలేదు.

చివరికి అడిగాడు. "నిజంగా ఏమవ్వాలనుకున్నావు అక్కా?"

ఆమె తన చేతులు చూసుకుంది. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన వేళ్లు, గోళ్ల చుట్టూ తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి.

"డ్రైవర్ని" అంది. "బస్సు డ్రైవర్ని. బడికి బస్సులో వెళ్లేటప్పుడు డ్రైవర్ వెనక సీటే కావాలని నిన్ను తోసేసి మరీ కూర్చునేదాన్ని. నువ్వు ఏడ్చేవాడివి."

ఏడవడం ఆయనకి బాగా గుర్తుంది. అక్క తనని కిటికీ పక్కన కూర్చోనివ్వలేదనే కోపం కూడా గుర్తుంది. ఆమె అక్కడెందుకు కూర్చునేదో మాత్రం అప్పుడూ ఆలోచించలేదు, తర్వాతా ఆలోచించలేదు. గబగబా డ్రైవర్ అని కొట్టాడు. నిజం కనక తలుపు తెరుచుకుంటుందని ఎందుకో గట్టిగా నమ్మాడు. ఎనిమిదేళ్ల కిందటి తమ్ముడికి కూడా ఎక్కడో ఈ సంగతి తెలిసే ఉంటుందని ఆశపడ్డాడు.

మళ్లీ ఎర్ర అక్షరాలు. మీరు ఇచ్చిన సమాధానం సరికాదు. ఇంకొక్క అవకాశం మిగిలి ఉంది.

ఆమె చిన్నప్పటి కోరిక తప్పని ఆమెకే చెబుతోంది ఆ తెర. దాని తప్పేమీ లేదు. దానికి చెప్పినవాడు ఇక్కడే పక్కన కూర్చుని ఉన్నాడు. రీస్టార్ట్‌గారు మందుల పెట్టెలో నాలుగు మందులూ వెతికి చూశాడు. రేపు రండి అనడానికి వీల్లేదు. అక్కకి రేపు లేదు. నాలుగు కావస్తోంది. ఆయన చేతులు మొదటిసారిగా కీబోర్డు మీంచి దిగి ఒళ్లోకి వచ్చాయి.

"అక్కా, నా వల్ల కావట్లేదు. నాకు నిజంగా ఏమీ రాదు. ఎప్పుడూ రాలేదు."

పద్దెనిమిదేళ్లుగా తాళంతో మాత్రమే చెప్పుకున్న మాట ఒక మనిషితో చెప్పాడు. పోస్టుమాస్టరుగారు కూడా విన్నాడేమోనని ఒక చూపు అటు వేశాడు. ఆయన పేపరు తిప్పలేదు, కాబట్టి విన్నట్టే.

అక్క ఆ మాట పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని ఏదో గుర్తు చేసుకుంటోంది. తమ్ముడు ఖాతా తెరిచిన రోజు తాను వంటింట్లో గిన్నెలు తోముతున్నాననీ, వాడు ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని ప్రశ్నలు కేకేశాడనీ చెప్పింది. మొదట పుట్టిన తేదీ అడిగాడట. తర్వాత ఇంటి నంబరు. మూడోది ఇదేనట.

"నేను అడిగానా?" అన్నాడు ఆయన. అడిగానన్న మాట విని కాస్త ప్రాణం లేచొచ్చింది.

"అడిగావు. నేను 'ఏమీ లేదులే' అన్నాను. నువ్వు సరేనని టకటకా కొట్టేశావు."

"డ్రైవర్ అని చెప్పొచ్చు కదా."

"నువ్వు గడి నింపడానికి అడిగావురా. గడికి సరిపడా చెప్పాను."

ఆమె కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. ఏ బస్సులో ఏ సీటు కదులుతుందో చెప్పినట్టే చెప్పింది. దానివల్ల ఆయనకి తప్పించుకోవడానికి దారి దొరకలేదు. అక్క తిట్టి ఉంటే తిరిగి ఓ మాట అనేవాడు.

అప్పట్లో ఆయన జవాబులన్నీ ఇంగ్లీషులోనే కొట్టేవాడు. కాబట్టి ఏమీ లేదు అంటే నథింగ్ అయి ఉంటుంది. వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు గాని కదలలేదు. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని, చిన్నతనంలో ఆమె ఏమవ్వాలనుకుందన్న ప్రశ్న కింద ఆ మాట రాయాలి. ఎనిమిదేళ్ల కిందట రెండు సెకన్లలో రాశాడు. ఇప్పుడు ఒక్కో అక్షరానికీ వేలు మొరాయిస్తోంది.

"కొట్టు" అంది అక్క.

కొట్టాడు. ఎంటర్ నొక్కే ముందు ఒక్క క్షణం, ఇది కూడా తప్పయితే బాగుండునని ఆయనకి అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యమేసింది, ఎందుకంటే తప్పయితే పోయేది అక్క సీటు. తన పరువు నిలబెట్టుకోవడానికి అక్క సీటు పోయినా ఫరవాలేదనుకునే తమ్ముడు ఇంకెక్కడైనా ఉంటాడా అనుకుంటూ నొక్కాడు.

తెరుచుకుంది. ధన్యవాదాలు, మిమ్మల్ని గుర్తించాం అంది సైటు.

కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని మెయిల్ తెరిచారు. డిపో మెయిల్ పైనే ఉంది. ఒప్పుకుంటున్నాను అనే బటన్ ఇక్కడ కూడా బూడిద రంగులోనే ఉంది. నొక్కితే కదల్లేదు. రీస్టార్ట్‌గారి చెయ్యి అలవాటుగా పైమూలకి వెళ్లింది, లోపల పేరుకున్నదంతా తుడవడానికి. అక్క ఆ చెయ్యి పట్టుకుని పక్కన పెట్టింది. రెండున్నరకి తాను చెప్పబోయి ఆగిపోయిన చిన్న అక్షరాల మీద వేలుంచి, ఒక్కో మాటే చదివింది. నియమాలన్నీ చదివి, కింద గడిలో టిక్ పెట్టిన తర్వాతే బటన్ పనిచేస్తుంది.

అంతే. అదే జబ్బు. మొదట్లోనే ఆమెని వాక్యం పూర్తి చేయనిచ్చి ఉంటే అరనిమిషం పని. దానికి ఆయన గంటన్నర పైనే తీసుకుని, ఖాతా పోగొట్టి, ఎవరో పెద్దావిడ చేత మోసగాడనిపించుకుని, అక్క చేత ఆ 'ఏమీ లేదులే' మళ్లీ చెప్పించాడు.

నియమాలు నాలుగు పేజీలున్నాయి. ఆయన అయితే కింద దాకా ఒక్క లాగు లాగి టిక్ పెట్టేసేవాడు. అక్క మాత్రం మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది. పొద్దున ఎన్నింటికి రావాలి, బూట్లు ఎలాంటివి వేసుకోవాలి, మొదటి మూడు నెలలూ పక్కన ఎవరు కూర్చుంటారు. చదువుతూ మధ్యలో ఒకచోట ఆగి నవ్వుకుంది. ఆయన గడియారం చూస్తూ, కుర్చీలో అటూ ఇటూ కదులుతూ, నోరు తెరవబోయి మూసుకుంటూ గడిపాడు. ఒకరు చదువుతుంటే ఊరుకోవడం ఇంత కష్టమైన పనని ఆయనకి తెలియదు. నాలుగున్నర దాటాక ఆమె టిక్ పెట్టింది. బూడిద రంగు పోయి బటన్ ఆకుపచ్చగా మారింది. చూపుడు వేలితో మౌస్ నొక్కింది. మీ సీటు ఖాయమైంది, సోమవారం ఉదయం ఆరు గంటలకు హాజరు కండి.

"స్పామ్ కాదుగా?" అంది అక్క.

ఆయన ముఖం మాడిపోయింది. పోస్టుమాస్టరుగారు ఇక ఆపుకోలేక బయటికే నవ్వేశాడు. అక్క కూడా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గాని, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్పలేక అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మెయిల్ మూసేయబోతుంటే తెర మీద ఇంకో పెట్టె వచ్చింది. మీ ఫోన్ నంబరు, భద్రతా ప్రశ్న, జవాబు ఇప్పుడు మార్చుకుంటారా, తర్వాతనా? ఇలాంటి పెట్టెలన్నిటికీ తర్వాత అని నొక్కడం ఆయనకి రక్తంలో ఉన్న అలవాటు. చెయ్యి సగం దూరం వెళ్లింది. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. దానంతట అదే ఆగింది.

"మారుద్దామా అక్కా? నా పాత నంబరు తీసేసి కొత్తది పెడతాను."

"నా నంబరు పెడతాను" అంది ఆమె. "ఇకమీద మర్చిపోతే నేనే మర్చిపోతాను."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఇరవైమూడు ఇళ్ల తాళాలు తన జేబులో ఉన్నాయని మురిసిపోయిన మనిషి. అందులో ఒకటి మర్యాదగా వెనక్కి తీసుకుంటుంటే, ఏదో పోయినట్టే ఉంది. అయినా లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆమె అందులోకి మారి, కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. నంబరు తానే పెట్టింది. ప్రశ్న ఏది కావాలో ఎంచుకోమంటే, పాత ప్రశ్ననే ఉంచింది. చిన్నతనంలో మీరు ఏమవ్వాలనుకున్నారు?

"అటు తిరుగు" అంది తమ్ముడితో.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తిరిగినా ఫరవాలేదు, జవాబు తనకి తెలుసు. డ్రైవర్ అంటే ఇంగ్లీషులో ఆరు అక్షరాలు. వెనక అక్క ఒక్క వేలితో వెతుక్కుంటూ, ఒక్కో అక్షరమే కొడుతోంది. ఆయన లోలోపల లెక్క పెట్టుకున్నాడు. నాలుగు. అయిదు. ఆరు. ఇక ఎంటర్ వినిపించాలి. ఏడు వినిపించింది. ఎనిమిది. పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశాడు. అక్క ఇంకా కొడుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు.